పరీక్షలో పాసై, బోర్డు మీద నిద్రపోయిన క్రిస్టల్: ఒక కేస్ స్టడీ

వాపసొచ్చిన ముక్కలన్నీ మా టెస్టర్‌లో పాసయ్యాయి. ఈ కేసు మొదలైంది అక్కడే.

వస్తువు 26 మెగాహెర్ట్జ్ క్వార్ట్జ్ క్రిస్టల్. 2.5 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న సిరామిక్ ప్యాకేజీలో కూర్చుంటుంది. రేడియో మాడ్యూల్ మొత్తానికి లయ ఇచ్చేది అదే. అది ఊగడం మొదలుపెడితేనే మిగతావన్నీ లేస్తాయి. కొన్నవాళ్ళ ఫిర్యాదు ఇలా ఉండేది: కొత్త బోర్డుకి మొదటిసారి పవర్ ఇస్తే ఒక్కోసారి లేవదు. నాలుగైదు సార్లు ఆపి మళ్ళీ ఇస్తే లేస్తుంది. ఒకసారి లేచిందంటే ఆ తర్వాత ఇక మొరాయించదు. కొన్ని వారాలు పక్కన పెట్టి మళ్ళీ తీస్తే మాత్రం పాత కథే.

వాళ్ళు ఆ క్రిస్టల్‌ని బోర్డు మీంచి ఊడదీసి మాకు పంపేవారు. మేం టెస్టర్‌లో పెట్టి చూస్తే ఫ్రీక్వెన్సీ సరిగ్గా ఉండేది, రెసిస్టెన్స్ సరిగ్గా ఉండేది. "మా వైపు లోపం కనబడలేదు" అని రాసి పంపేవాళ్ళం. అలా మూడు రిపోర్టులు వెళ్ళాయి. మూడోదాని మీద సంతకం నాది. ఆ మూడు రిపోర్టులూ తప్పేనని ఇప్పుడు తెలుసు. ఇదే పనిలో ఉన్న ఇంకొకరు నాలుగో రిపోర్టు అలా రాయకూడదనే ఈ కేసు మొత్తం ఇక్కడ పెడుతున్నాను.

ముందు ముక్క గురించి

క్వార్ట్జ్‌ని నొక్కితే విద్యుదావేశం పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు గమనించారు. 1921లో వాల్టర్ కేడీ దాన్ని ఆసిలేటర్‌లో, అంటే ఆగకుండా ఊగే సిగ్నల్ పుట్టించే సర్క్యూట్‌లో, వాడి చూపించాడు. మేం తయారుచేసేది ఏటీ కట్ రకం, అంటే స్ఫటికాన్ని దాని అక్షానికి సుమారు 35 డిగ్రీల 15 నిమిషాల కోణంలో కోసిన పలక. 1934లో బెల్ ల్యాబ్స్ నుంచి వచ్చిన ఈ కోతకి ఇంత పేరు రావడానికి కారణం, గది ఉష్ణోగ్రత చుట్టుపక్కల దాని ఫ్రీక్వెన్సీ దాదాపు కదలదు. ఆ కోణంలో ఒక్క నిమిషం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు తేడా వచ్చినా, ఉష్ణోగ్రత 60 డిగ్రీలు జరిగేసరికి ఫ్రీక్వెన్సీలో దాదాపు 5 పీపీఎం, అంటే పది లక్షల్లో ఐదు వంతుల తేడా వచ్చేస్తుంది. అందుకే కోత కోణాన్ని ఎక్స్‌రేతో సరిచూస్తాం.

ఈ పలక ఊగే తీరు మనసులో పెట్టుకోవాలి. రెండు అరచేతులు కలిపి ఒకదాన్ని ముందుకి, ఇంకోదాన్ని వెనక్కి జరిపినట్టు, పలక పై ముఖం ఒక పక్కకీ కింది ముఖం ఎదురు పక్కకీ జారుతుంది. ఎంత వేగంగా అన్నది పలక మందమే నిర్ణయిస్తుంది. 1.66ని మిల్లీమీటర్లలో మందంతో భాగిస్తే మెగాహెర్ట్జ్ వస్తుంది. 10 మెగాహెర్ట్జ్ పలక మందం 0.166 మిల్లీమీటర్లు. 26 మెగాహెర్ట్జ్ దగ్గరికొచ్చేసరికి 64 మైక్రాన్లు, ఒక తలవెంట్రుక మందం. కరెంటు అందించడానికి పలక ముఖాల మీద పూసే ఎలక్ట్రోడ్ బంగారం బరువుకి ఫ్రీక్వెన్సీ దిగుతుంది కాబట్టి బ్లాంకుని, అంటే బంగారం పూయని ఉత్త పలకని, ఇంకొంచెం పల్చగా చేస్తాం. మా బ్లాంకు 1.6 మిల్లీమీటర్ల పొడవు, 1.2 వెడల్పు. బరువు మిల్లీగ్రాములో మూడో వంతు. గట్టిగా ఊపిరి వదిలితే బల్ల మీంచి ఎగిరిపోతుంది. ఎగిరినదాన్ని మళ్ళీ వెతికి పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

ఈ లెక్కలో మాకో వరం ఉంది. ఒక మైక్రాన్ మందం తగ్గితే ఫ్రీక్వెన్సీ 400 కిలోహెర్ట్జ్ పైచిలుకు పెరుగుతుంది. కిలోహెర్ట్జ్ దాకా చదవగలిగితే రెండున్నర నానోమీటర్లు కొలిచినట్టే. ఏ మైక్రోమీటరూ అంత సన్నగా కొలవలేదు. మా పనిలో కొలబద్ద బయట ఉండదు, ముక్కలోనే ఉంటుంది. ముక్కే తన మందం తాను చెబుతుంది, అడిగే తీరులో అడగాలి అంతే. మేం పొరబడింది ఆ అడిగే తీరులోనే.

రెండు రకాలుగా మాట్లాడిన ముక్క

ల్యాబ్‌లో పనిచేసే టెక్నీషియన్ ఒకమ్మాయి ఒకరోజు నా దగ్గరికి వచ్చింది. ప్రతి లాట్, అంటే కలిపి ఒకేసారి చేసిన ముక్కల గుంపు, నుంచీ కొన్ని తీసి అరలో దాచి ఉంచుతాం. వాటిలో ఒకదాన్ని ఆమె అనలైజర్‌లో పెట్టింది. అంతకు ముందు వేరే పని కోసం డ్రైవ్ లెవల్, అంటే క్రిస్టల్‌కి ఇచ్చే పవర్, మైక్రోవాట్‌లో నూరో వంతు దగ్గర పెట్టి వదిలేశారు. మామూలుగా మేం కొలిచేది 100 మైక్రోవాట్ల దగ్గర. ఆ సంగతి చూసుకోకుండా కొలిస్తే 30 ఓమ్‌ల లోపు రావలసిన రెసిస్టెన్స్ వందల్లో వచ్చింది. సెట్టింగ్ సరిచేసి మళ్ళీ కొలిస్తే ముక్క పాసైంది. అక్కడితో వదిలేసి ఉంటే ఎవరూ తప్పుపట్టేవాళ్ళు కాదు. ఆమె వదల్లేదు. అదే ముక్కని మళ్ళీ తక్కువ పవర్‌లో పెట్టింది. ఈసారి అక్కడ కూడా పాసైంది.

"సార్, ఈ ముక్క రెండు రకాలుగా మాట్లాడుతోంది" అంది.

"మళ్ళీ చేసి చూపించమ్మా" అన్నాను.

"ఇది ఇక చెప్పదు సార్. అరలోంచి ఇంకో కొత్తది తియ్యాలి."

ఆ రెండో మాటలోనే కేసంతా ఉంది. అరలోంచి ఇంతవరకూ ఎవరూ ముట్టని ముక్కలు తీశాం. ఒక్కోదాన్ని కింది పవర్ నుంచి మెట్లుమెట్లుగా పైకి, మళ్ళీ కిందికి తీసుకొచ్చి గ్రాఫ్ గీశాం. మంచి ముక్కకి గీత అడ్డంగా, సమంగా ఉంటుంది. చెడ్డ ముక్కకి మొదట ఎత్తులో మొదలై, ఎక్కడో ఒక మెట్టు దగ్గర ఒక్కసారిగా కూలి, ఆ తర్వాత కిందే ఉండిపోతుంది. తిరుగు దారిలో ఆ ఎత్తు మళ్ళీ కనబడదు.

బోర్డు మీద జరిగేదీ ఇదే. పవర్ ఇచ్చిన క్షణంలో క్రిస్టల్ నిశ్చలంగా ఉంటుంది. ఆంప్లిఫయర్‌లోని నాయిస్ దాన్ని మెల్లగా తడుతుంది, ఆ చిన్న కదలిక పెరిగి పెరిగి ఊపందుకుంటుంది. అంటే ప్రతి క్రిస్టల్ తన ప్రయాణాన్ని అతి తక్కువ పవర్ దగ్గరే మొదలుపెట్టాలి. సరిగ్గా అక్కడే దాని రెసిస్టెన్స్ ఎక్కువగా ఉంటే సర్క్యూట్ దాన్ని లేపలేదు. మా టెస్టరేమో మొదటి దెబ్బకే 100 మైక్రోవాట్లు ఇచ్చేది. ఆ కుదుపుకి లోపం సర్దుకునేది, ఆ తర్వాత మేం కొలిచేవాళ్ళం. మా పరీక్షే జబ్బుని కప్పేసింది. వాపసొచ్చిన ముక్కలైతే అప్పటికే బోర్డు మీద నాలుగైదు సార్లు కుదుపు తిని వచ్చినవి. వాటిలో మాకేం కనబడుతుంది?

దీన్ని డ్రైవ్ లెవల్ డిపెండెన్స్ అంటారు. కొలిచే పద్ధతికి ఐఈసీ (అంతర్జాతీయ ఎలక్ట్రోటెక్నికల్ కమిషన్) 60444-6 అని ప్రమాణమే ఉంది. నేను చదివాను కూడా. చదవడం వేరు, మన టెస్టర్‌లో మొదటి మెట్టు ఎక్కడ పెట్టారో వెళ్ళి చూడటం వేరు.

ఎక్కడి నుంచి వచ్చింది

ఈ లోపానికి మామూలుగా చెప్పే కారణాలు రెండు: ముఖం మీద వదులుగా అంటుకున్న నలుసు, లేదా ముఖంలోనే ఉండిపోయిన సన్నటి పగులు. క్వార్ట్జ్ క్యూ విలువ లక్ష చుట్టూ ఉంటుంది, అంటే ఒక్కో ఊపులో అది పోగొట్టుకునే శక్తి చాలా చాలా తక్కువ. అలాంటి చోట ఒక నలుసు రాసుకుంటూ తినే శక్తి కూడా పెద్దదే. పెద్ద ఊపు వచ్చినప్పుడు ఆ నలుసు ఊడిపోవచ్చు, లేదా కదిలి గట్టిగా అతుక్కోవచ్చు. ఎలా జరిగినా రాపిడి ఆగుతుంది, రెసిస్టెన్స్ దిగుతుంది. కొన్నాళ్ళు ఊరికే ఉంటే మళ్ళీ మొదటికొస్తుంది.

పాత 10 మెగాహెర్ట్జ్ ముక్కల్లో ఈ గొడవ మాకు ఎప్పుడూ రాలేదు. అవి మందంలో రెండున్నర రెట్లు, పొడవు వెడల్పుల్లోనూ పెద్దవి. మేం చేసిన పొరపాటేంటంటే ముక్కని చిన్నది చేశాం గానీ, పద్ధతిని మాత్రం పాతదే తెచ్చి పెట్టుకున్నాం. పలక పల్చనైంది. మందం తగ్గించడానికి దాన్ని నూరే పొడి గింజ సైజు మాత్రం అంతే ఉంది. ఆ గింజ చేసే గాయమూ అంతే లోతుంది.

లాట్ రికార్డులన్నీ తీశాం. బంగారం పూసిన తేదీతో లోపానికి పొంతన లేదు, మూత వేసిన మెషీన్‌తోనూ లేదు. ఎచింగ్, అంటే నూరాక పై పొరని ద్రావణంలో కరిగించే దశ, దాని రికార్డు దగ్గర మాత్రం ఒక విషయం కనబడింది. బుట్టలో ఎక్కువ బ్లాంకులు వేసిన రోజుల ముక్కలే ఎక్కువ చెడ్డవి.

కొన్ని చెడ్డ ముక్కల మూతలు తెరిచి, అయొడిన్, పొటాషియం అయొడైడ్ ద్రావణంతో బంగారాన్ని తీసేసి, కింది క్రోమియం పొరని కూడా కరిగించి, మైక్రోస్కోప్ కింద పెట్టాం. పైనుంచి వెలుగు వేస్తే ఏమీ లేదు, అద్దంలా ఉంది. దీపాన్ని పక్కకి తిప్పి, పలకకి దాదాపు సమాంతరంగా వెలుగు జారేలా పెట్టినప్పుడు కనబడింది: ఒక మూల నుంచి సగం దాకా, నెలవంక ఆకారంలో ఒక మరక. దాని లోపలి భాగం మసకగా, సన్నటి గీతలతో ఉంది. దాని బయట నున్నగా ఉంది. నెలవంక అంచు కత్తితో గీసినంత స్పష్టంగా ఉంది. ఇంకో ముక్కలో ఆ అంచు తిన్నగా ఉంది, మూల కూడా కనబడింది. అది ఇంకో బ్లాంకు నీడ.

రెండు తడి గాజు పలకలు ఒకదానికొకటి ఎలా అతుక్కుంటాయో అందరం చూశాం. 64 మైక్రాన్ల క్వార్ట్జ్ పలకలు అంతకంటే గట్టిగా అతుక్కుంటాయి. ఎచింగ్ బుట్టలో జతలు జతలుగా అతుక్కుపోయాయి. ద్రావణం ఆ రెండింటి మధ్యకి వెళ్ళలేదు. వెళ్ళనిచోట నూరుడు గాయం అలాగే ఉండిపోయింది. దాని మీదే మేం బంగారం పూశాం.

ఇది కొత్త జబ్బేమీ కాదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సైనిక రేడియోల కోసం లక్షల క్రిస్టల్స్ చేసినప్పుడు, చేతితో నూరి ఫ్రీక్వెన్సీకి తెచ్చినవి గోదాముల్లో ఉండి ఉండి ఫ్రీక్వెన్సీ మార్చుకునేవి, కొన్ని ఊగడమే మానేసేవి. నూరినప్పుడు చితికిన పై పొరే కారణమని తేల్చి, చివరి మెరుగు నూరి కాకుండా ఆమ్లంతో కరిగించి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పాఠం మా పద్ధతిలోనూ ఉంది. కానీ బుట్టలో అతుక్కున్న జతలకి అది అందలేదు.

పనిచేయని రెండు మందులు

మొదట అందరికీ తట్టేదే చేశాం. ఎచింగ్ లోతు పెంచాం.

మా పనిలో ఎచింగ్ లోతుని "ఎఫ్ స్క్వేర్" అని లెక్కిస్తాం. ఫ్రీక్వెన్సీని మెగాహెర్ట్జ్‌లో తీసుకుని వర్గం చేస్తే ఎంత వస్తుందో, ఫ్రీక్వెన్సీ అన్ని కిలోహెర్ట్జ్ పెరిగేదాకా కరిగిస్తే ఒక ఎఫ్ స్క్వేర్. 26కి అది 676 కిలోహెర్ట్జ్. దీని అందమేంటంటే బ్లాంకు ఏ ఫ్రీక్వెన్సీదైనా ఒక ఎఫ్ స్క్వేర్ అంటే 1.66 మైక్రాన్ల మందం పోయినట్టే. ఫ్రీక్వెన్సీ మీటర్ మీది అంకె చూసి లోతు చెప్పేయొచ్చు. మేం ఒక ఎఫ్ స్క్వేర్ కరిగించేవాళ్ళం. అంటే ఒక్కో వైపు 0.83 మైక్రాన్లు. నూరే పొడి గింజ సైజు 3 మైక్రాన్లు. ఈ రెండు అంకెలూ ఏళ్ళ తరబడి రెండు వేర్వేరు కాగితాల మీద ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు లేరు. గాయం లోతు గింజ సైజుకి దగ్గరగా ఉంటుందని అనుకుంటే, మేం తీసిన పొర ఎటూ చాలదు.

మూడు ఎఫ్ స్క్వేర్‌లకి పెంచాం. ఒకే బుట్టలోంచి వచ్చిన బ్లాంకుల ఫ్రీక్వెన్సీలు చెల్లాచెదురయ్యాయి. అతుక్కున్న జతలు వెనకబడ్డాయి, విడిగా ఉన్నవి ముందుకెళ్ళిపోయాయి. దానికితోడు కొన్ని క్వార్ట్జ్ బార్ల నుంచి కోసిన బ్లాంకుల్లో సూదితో పొడిచినట్టు సన్నటి రంధ్రాలు పడ్డాయి. స్ఫటికం లోపల డిస్‌లొకేషన్లు, అంటే పరమాణువుల వరస తప్పిన గీతలు, ఉన్న చోట ద్రావణం గీత పట్టుకుని లోతుకి దిగుతుంది. బాగా దిగితే రంధ్రం ఆ పక్కకి తేలుతుంది. ఎచింగ్ ఎంత ఎక్కువైతే అంత మంచిదని ఎవరైనా అంటే నమ్మకండి.

రెండో మందు, నూరే పొడిని సన్నది చేయడం. చివరి లాపింగ్‌కి, అంటే పొడితో నూరే దశకి, 1 మైక్రాన్ పొడి పెట్టాం. పని నెమ్మదైంది, పట్టి ఉంచే క్యారియర్లలో వేఫర్లు, అంటే ఇంకా ముక్కలుగా కోయని పెద్ద పలకలు, విరిగాయి, అయినా ఓపిక పట్టాం. ఫలితంలో మార్పు లేదు. వారం రోజులు ఎవరికీ అంతుపట్టలేదు, అందరికీ టెన్షనే. తర్వాత వరస మొత్తం కాగితం మీద మళ్ళీ రాసుకుంటే తెలిసింది. లాపింగ్ అయ్యాక వేఫర్‌ని బ్లాంకులుగా కోస్తాం. కోశాక అంచులు పల్చబడేలా గుండ్రటి పీపాలో గరుకు పొడితో కలిపి దొర్లిస్తాం. ఊపు పలక మధ్యలోనే నిలిచి, పట్టుకున్న అంచుల్లోకి జారిపోకుండా ఉండటానికి ఆ అంచు వాలు అవసరం. ఆ దొర్లింపులో ముఖాలు కూడా ఒకదానికొకటి రాసుకుంటాయి, మధ్యలో గరుకు పొడితో సహా. లాపింగ్‌లో మేం తెచ్చిన నునుపంతా పీపాలో పోతోంది. అక్కడి పొడి లాపింగ్ పొడి కంటే ముతకది.

డ్రమ్ము

చివరికి నిలిచిన పద్ధతిలో మూడు మార్పులున్నాయి. మొదటిది తేలిక: పీపా దొర్లింపుకి చివర సన్నటి పొడితో ఇంకో దశ చేర్చాం. రెండోది, ఎచింగ్ లోతుని రెండు ఎఫ్ స్క్వేర్‌ల దగ్గర ఆపాం. మూడోది బుట్ట. నా ఉద్దేశంలో ఈ కేసులో నిజంగా కనిపెట్టామని చెప్పుకోదగ్గది అదే.

పాత బుట్ట అడుగు చదునైన జాలీ. చదునైనదాని మీద చదునైన పలక వాలితే కదలదు. దాని మీద ఇంకోటి వాలుతుంది. మేం చేయాల్సిందల్లా చదునుకి చదును తగలకుండా చూడటం. పిడికిలంత టెఫ్లాన్ డ్రమ్ము తీసుకుని, లోపలి గోడంతా త్రికోణపు గట్లు తీశాం, రంపపు పళ్ళలాగా. పలక ఎక్కడ వాలినా గట్టు కొస మీద గీతంత మేరే ఆనుతుంది. గట్ల మధ్య లోయల్లో 0.8 మిల్లీమీటర్ల రంధ్రాలు. బ్లాంకు వెడల్పు 1.2 కాబట్టి జారి పోదు. మొదట పొడుగాటి చీలికలు పెట్టాం. బ్లాంకులు నిలువుగా తిరిగి ఒక్కొక్కటే జారిపోయాయి. రంధ్రం గుండ్రంగానే ఉండాలి.

డ్రమ్ము ఇరుసు వాలుగా ఉంటుంది. ఒక పక్కకి సగం చుట్టు, వెనక్కి సగం చుట్టు నెమ్మదిగా తిరుగుతుంది. పూర్తి చుట్లు తిరిగితే బ్లాంకులన్నీ ఒక మూలకి చేరి కుప్ప పడుతున్నాయి. తిరుగుడు దిక్కు మారే క్షణంలోనే జతలు విడిపోతాయని గాజు బీకరులో మామూలు నీళ్ళు పోసి చూసినప్పుడు తెలిసింది. ఒక బ్లాంకు గట్టు మీద తూగి, ఆగి, వెనక్కి వాలేటప్పుడు దాని మీదున్నది జారిపోతుంది. ఆ కదలికని చూస్తూ చాలాసేపు కూర్చున్నాం. ఎన్ని చుట్లు, ఎంత వేగం అన్నవన్నీ ఆ బీకరు ముందే తేలాయి.

రెండు చిన్న సంగతులు మాకు చాలా రోజులు ఖర్చు చేయించాయి. డ్రిల్ చేశాక టెఫ్లాన్ రంధ్రాల అంచుకి పీచు మిగులుతుంది. అది ఊడి బ్లాంకులకి చుట్టుకుంటుంది. ప్రతి రంధ్రాన్నీ లోపలి నుంచి బ్లేడుతో చేత్తో గీకాల్సిందే, దానికి దగ్గరి దారి దొరకలేదు. ఇంకోటి, పొడి బ్లాంకుల్ని నేరుగా ద్రావణంలో దింపితే కొన్ని పైన తేలతాయి. తేలినదానికి కింది ముఖమే కరుగుతుంది. ముందు తడిపే మందు కొద్దిగా కలిపిన గోరువెచ్చని నీళ్ళలో డ్రమ్ముని తిప్పి, అన్నీ మునిగాయని చూసుకుని, కడిగి, ఆ తడితోనే ద్రావణంలోకి దించాలి.

ద్రావణం అమోనియం బైఫ్లోరైడ్, వేడి చేసినది. ఇది గాజుని తినేస్తుంది. నీళ్ళతో ప్రయోగానికి వాడిన బీకరుని పొరపాటున కూడా దీని దగ్గరికి తేకూడదు. చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, లోపలికి దిగాక తెలుస్తుంది. కాల్షియం గ్లూకొనేట్ జెల్ చేతికందే దూరంలో లేకుండా ఆ గదిలో పని మొదలుపెట్టనివ్వను. ఒంటరిగా ఎవర్నీ చేయనివ్వను. ఈ ఒక్క విషయంలో నేను ఎవరి తొందరా వినను.

ఎప్పుడు ఆపాలన్నది గడియారం చూసి నిర్ణయించం. ద్రావణం వేడి కొద్దిగా మారినా కరిగే వేగం మారుతుంది, వాడకంతోనూ మారుతుంది. అంచనా సమయానికి కొంచెం ముందే డ్రమ్ము తీసి, కొన్ని బ్లాంకులు కడిగి ఆరబెట్టి, రెండు ఎలక్ట్రోడ్ల మధ్య సన్నటి గాలి ఖాళీలో పెట్టి ఫ్రీక్వెన్సీ చదువుతాం. మిగిలింది ఎంతో లెక్కేసి మళ్ళీ దించుతాం. ఆ అంకెలు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో చూస్తే డ్రమ్ములో జతలు అతుక్కున్నాయో లేదో కూడా అప్పుడే తెలిసిపోతుంది. పాత బుట్టలో లోపం బోర్డు మీదికెళ్ళాక బయటపడేది. ఇప్పుడు ద్రావణం పక్కనే బయటపడుతోంది.

మిగిలిపోయిన కొన్ని

కొత్త డ్రమ్ముతో చేసిన ముక్కల గ్రాఫులు దాదాపు అన్నీ సమంగా వచ్చాయి. అన్నీ కాదు. మిగిలిన చెడ్డవాటిని తెరిస్తే ముఖాలు నున్నగానే ఉన్నాయి. ఎలక్ట్రోడ్ అంచు దగ్గర మాత్రం బంగారు రేకు తునకలు ఉన్నాయి.

చివరి ట్రిమ్మింగ్, అంటే ఎలక్ట్రోడ్ బంగారం కొంచెం కొంచెం తీసి ఫ్రీక్వెన్సీని సరిచేయడం, ఎంత సన్నటి పనో చెబితే ఇది అర్థమవుతుంది. బంగారం సాంద్రత క్వార్ట్జ్ కంటే ఏడు రెట్ల పైమాట. లెక్కేస్తే, ఎలక్ట్రోడ్ మీంచి ఒక నానోమీటర్ బంగారం తీస్తే ఈ ముక్కలో 110 పీపీఎం పైగా మార్పు వస్తుంది. మాకు కావలసింది 10 పీపీఎం లోపు. అంటే సగటున ఒక బంగారు పరమాణువు మందంలో మూడో వంతు దగ్గర ఆపాలి. వాక్యూమ్‌లో ఆర్గాన్ అయాన్లతో ఎలక్ట్రోడ్‌ని కొడుతూ, అదే సమయంలో ఫ్రీక్వెన్సీ చూస్తూ, అంకె చేరగానే షట్టర్ మూస్తాం. ఇక్కడా కొలిచేది ముక్కే.

అలా లేచిన బంగారం ఎక్కడికో పోవాలి కదా. ఎక్కువ భాగం, ఎలక్ట్రోడ్ తప్ప మిగతాది కప్పే మాస్క్ మీద పేరుకుంటుంది. వేల ముక్కల తర్వాత ఆ పొర మందమై, పెచ్చులుగా లేచి, కింద తెరిచి ఉన్న ప్యాకేజీలో రాలుతుంది. మాస్క్ కంటికి మురికిగా కనబడినప్పుడు మార్చడం మా అలవాటు. కంటికి కనబడేసరికే ఆలస్యమైపోయింది. ఇప్పుడు ముక్కల లెక్క ప్రకారం మారుస్తాం. మూత వేసే ముందు అయానైజ్ చేసిన నైట్రోజన్‌తో ఊదుతాం. బంగారం పూసే ముందు బ్లాంకుల్ని యూవీ ఓజోన్‌లో పెట్టి సేంద్రియ పదార్థాల ఛాయ పోగొడతాం. ఈ చివరిది లోపానికి ఎంత సాయం చేసిందో విడదీసి చూపించలేను. ఎలక్ట్రోడ్ మాత్రం బాగా అతుక్కుంటోంది, అందుకే ఉంచాం.

ట్రిమ్మింగ్‌లోనే ఇంకో చిక్కు. ఫ్రీక్వెన్సీ చూడాలంటే క్రిస్టల్‌ని ఊపాలి. గట్టిగా ఊపితే చెడ్డ ముక్క అక్కడే నిద్ర లేచి, తర్వాతి పరీక్షలో మంచిదానిలా నటిస్తుంది. అందుకే ఆ మెషీన్‌లో డ్రైవ్‌ని కొలత నిలిచేంత మేరకి తగ్గించాం. ఫైనల్ టెస్టర్‌లో ఇప్పుడు మొదటి మెట్టు మైక్రోవాట్‌లో నూరో వంతు. అక్కడి నుంచి పైకి, మళ్ళీ కిందికి. మొదటి మెట్టు రీడింగే అన్నిటికంటే విలువైనది, ఎందుకంటే అది మళ్ళీ దొరకదు.

అసలు ఇంత అవస్థ ఎందుకు, పంపే ముందు ప్రతి ముక్కకీ ఒక గట్టి కుదుపు ఇచ్చేస్తే పోదా అని మాలోనే కొందరన్నారు. చేసి చూశాం. కుదుపు ఇచ్చిన పాత ముక్కల్ని అరలో పెట్టి, కొన్ని వారాల తర్వాత కింది మెట్టు నుంచి కొలిస్తే కొన్నిటిలో ఆ ఎత్తు మళ్ళీ వచ్చింది. కుదుపు ముక్కని నిద్ర లేపుతుంది, అంతే. బోర్డు గోదాములో మూడు నెలలు ఉంటే అది మళ్ళీ పడుకుంటుంది. అలా పంపడం నాకు సమ్మతం కాదు.

కొన్నవాళ్ళకి మొత్తం విషయం రాశాం, ఆ మూడు రిపోర్టులు వెనక్కి తీసుకుంటున్నామని కూడా రాశాం. వాళ్ళ సర్క్యూట్‌లో నెగటివ్ రెసిస్టెన్స్, అంటే క్రిస్టల్ పోగొట్టుకునే శక్తిని తిరిగి ఇచ్చే బలం, కొలిచి చూడమన్నాం. క్రిస్టల్ గరిష్ఠ రెసిస్టెన్స్‌కి కనీసం ఐదు రెట్లు ఉండాలన్నది వాడుకలో ఉన్న నియమం. వాళ్ళది అంతకంటే తక్కువ ఉంది, సరిచేసుకున్నారు. దానివల్ల మా తప్పు తగ్గదు. సర్క్యూట్ ఎంత బలంగా ఉన్నా మొదటి మెట్టులో వందల ఓమ్‌లు చూపించే ముక్కని ఇవ్వడం తప్పే.

ఇంకా తేలనిది అంచు వాలు. ఇంకా చిన్నదైన, బయటి కొలతే 1.6 బై 1.2 మిల్లీమీటర్లున్న ప్యాకేజీలోకి వెళ్ళే బ్లాంకులకి పీపా దొర్లింపు నిలకడగా రావడం లేదు, ఒక బ్లాంకు వాలు ఇంకోదానిలా ఉండటం లేదు. పీపా మానేసి, ఫొటోలితోగ్రఫీతో వేఫర్ మీదే ఆకారం గీసి ద్రావణంతో కోసే పద్ధతి ప్రయత్నిస్తున్నాం. చేతిగడియారాల ట్యూనింగ్ ఫోర్క్ క్రిస్టల్స్ అలా తయారవుతూ దశాబ్దాలైంది. ఏటీ కట్‌లో మాత్రం ద్రావణం రెండు అంచుల్ని ఒకేలా తినదు. ఒక పక్క నిటారుగా, ఇంకో పక్క వాలుగా వస్తుంది. మొదటి వేఫర్లు ఈ వారమే బయటికి వచ్చాయి. వాటిని ఇంకా ఎవరూ ఊపలేదు. అరలో విడిగా పెట్టి, డబ్బా మీద "మొదటి కొలత కింది మెట్టు నుంచే" అని ఆ టెక్నీషియన్ అమ్మాయి తన చేత్తో రాసింది.